సుగుణ డ్యూటీకి పోయింది

నవంబర్ 11, 2013

ఇవాళ మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ కొత్తగానే ఏడ్చింది.

పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తుంటే అత్తమ్మ — "నా బిడ్డ ఏది? ఇంక లేవలేదా?"

సుగుణ పోయి ఏడాది కావస్తోంది. ఆసుపత్రిలో చివరి రోజు కూతురి కాళ్లు పట్టుకుని కూర్చున్నది ఈమే. పదకొండో రోజున వచ్చినవాళ్లందరికీ నిలబడి వడ్డించిందీ ఈమే. అయినా అడుగుతుంది.

"సుగుణ లేదు గదా అత్తమ్మా. పోయినేడు జరమొచ్చి సచ్చిపోయింది గదా."

గ్లాసు కింద పెట్టింది. "ఎవలు? నా బిడ్డనా? నాకెందుకు జెప్పలే?" గుండెలు బాదుకుంది. పక్క వాటా నుంచి యాదమ్మ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది.

అరగంటకు మరిచింది. మధ్యాహ్నం మళ్లీ అడిగింది. దీపాలు పెట్టే వేళకు మళ్లీ.

మూడోసారి చెప్పేటప్పుడు నా గొంతులో విసుగుంది. పెళ్లాం చావు కబురు విసుక్కుంటూ చెప్పిన మొగుడు నేనొక్కణ్ణే అయ్యుంటానేమో.

నవంబర్ 12

నేను డ్యూటీలో ఉండగా గోడ మీది ఫోటో చూపించి యాదమ్మను అడిగిందట — "గీ పిల్లకు దండెందుకేసిన్రు?"

నవంబర్ 16

పెద్ద దవాఖానా. పొద్దున ఏడింటికి లైన్లో నిలబడితే పన్నెండుకు పిలిచారు. రక్తపరీక్షలు, తల స్కాన్ అన్నీ వచ్చాయి. థైరాయిడ్ కాదు, విటమిన్ తక్కువా కాదు. ఆ రెండింటిలో ఏదో ఒకటి అయితే బాగుండునని నెల రోజులుగా మొక్కుకుంటున్నాను. వాటికి మందుంది. డాక్టర్ ఆ పెద్ద పేరే రాశాడు — అల్జీమర్స్. బిళ్లలు రాశాడు. "ఇవి నయం చేయవు. కొన్నాళ్లు కొంచెం నెమ్మది చేస్తాయి. అది కూడా అందరికీ కాదు." మొహం మీదే చెప్పాడు. మంచిదే.

తర్వాత పక్క గదిలో కౌన్సెలర్ మేడం. చిన్న వయసు. అత్తమ్మను కూర్చోమంది. నేను కుర్చీలో ఉన్నాను, అందుకని ఆమె కూర్చోలేదు. నేను లేచి గోడకు ఆనుకున్నాక కూర్చుంది — అదీ కుర్చీ అంచున, కొంగు నెత్తి మీదికి లాక్కుని. కన్నబిడ్డ చావు మరిచింది. అల్లుడి ముందు కుర్చీ ఎక్కకూడదన్నది మరవలేదు.

రోజుకు మూడుసార్లు చెబుతున్నానన్నాను. మేడం రాసుకోవడం ఆపింది.

"చెప్పకండి సార్. మీరు గుర్తు చేస్తున్నా అనుకుంటున్నరు. ఆమెకు ప్రతిసారీ మొదటిసారే."

"మరి అబద్ధం చెప్పాల్నా మేడం?"

"ముందు ఆమెనే బిడ్డ గురించి మాట్లాడనియ్యండి. అడిగిన మాట వెనక ఆకలి ఉన్నదా, భయం ఉన్నదా చూడండి. అదీ కుదరకపోతే, ఆమె ఏ రోజులో ఉన్నదో ఆ రోజులోనే జవాబు చెప్పండి. వాదించొద్దు. నేనెవరు, ఇది ఏ ఊరు అని పరీక్ష పెట్టొద్దు."

ఇంకా చాలా చెప్పింది. రోజూ ఒకే టైముకు అన్నం, స్నానం. ఒకసారికి ఒక్క మాటే. పొద్దుగూకక ముందే లైట్లు వేయాలి. అద్దం చూసి భయపడితే గుడ్డ కప్పాలి. బస్సు టికెట్ల వెనక రాసుకున్నాను.

లేస్తుంటే అడిగింది — "మరి మీరెట్లున్నరు?" నా బీపీ బిళ్లల పేరు చెప్పాను.

నవంబర్ 17

మొదటి అబద్ధం.

"నా బిడ్డ ఏది?"

"డ్యూటీకి పోయింది అత్తమ్మా."

కాసేపు ఆలోచించింది. "ఐతారం గూడ డ్యూటీయేనా?"

ఇవాళ ఆదివారమని ఆమెకెలా తెలిసింది! "ఆర్డర్ ఎక్కువున్నదట" అన్నాను.

"మందుల కంపెనోళ్లకు మనుషులంటే లెక్కలేదు" అని గొణుక్కుంటూ పళ్లెం ముందుకు లాక్కుంది. గిన్నెడు అన్నం తిన్నది. నేను తినలేకపోయాను.

సుగుణ ఫోటో తీసి బీరువాలో చీరల కింద పెట్టాను. దండ తీసేశాక ఫోటోలో బతికున్న మనిషిలాగే ఉంది.

నవంబర్ 23

సంవత్సరీకం అయిపోయింది. అన్నోజిగూడలో, శంకర్ ఇంట్లో. ఇక్కడ పెడితే అత్తమ్మ చూస్తుందని. ఆమెను యాదమ్మకు అప్పజెప్పి వెళ్లాను. కన్నతల్లికి తెలియకుండా కూతురికి పిండం పెట్టించాను.

శంకర్ సుగుణ తమ్ముడు. హైవే మీద టిఫిన్ హోటల్. ఇస్తరాకులు ఎత్తుతూనే మొదలుపెట్టాడు.

"అమ్మను అబద్ధాల్ల పెట్టి సాదుతున్నవ్ బావ. బిడ్డ సచ్చిన సంగతి తల్లికి తెల్వద్దా?"

"తెలిసింది. ముప్పైసార్లు తెలిసింది. ఇంకెన్నిసార్లు తెల్వాలె శంకర్?"

"బిడ్డ లేని ఇంట్ల, అల్లుని తాన ముసలామె ఎట్లుంటది? మంది ఏమంటున్నరో ఎర్కనా నీకు?"

కాసేపటికి తనే తగ్గాడు — పొద్దంతా పొయ్యి దగ్గరే, మాకూ తీరదు బావ, అని. బస్సు దాకా వచ్చి బూరెల డబ్బా చేతిలో పెట్టాడు. "అమ్మకు. ఎందుకు జేసిన్రని అడిగితే ఏదన్న జెప్పు."

నువ్వూ నేర్చుకుంటున్నావు శంకర్.

డిసెంబర్ 3

చేతులకు పని ఉంటే మనసు కుదురుగా ఉంటుందని మేడం చెప్పింది. పెసలు, కందులు కలిపి చాటలో పోసి ఇచ్చాను. పొద్దంతా కూర్చుని వేరు చేసిందట. ఒక్క గింజ కూడా తప్పు లేదు. "సూడన్నా, ఎంత సక్కగ ఏరిందో" అని యాదమ్మ రెండు గిన్నెలు చూపించింది.

ఆమె పడుకున్నాక రెండు గిన్నెలూ మళ్లీ కలిపేశాను. రేపటికి.

డిసెంబర్ 10

స్టవ్ మీద ఖాళీ గిన్నె, కింద మంట. యాదమ్మ చూడబట్టి సరిపోయింది. ఇకనుంచి నేను బయటికెళ్లేటప్పుడు సిలిండర్ దగ్గరే బంద్.

డిసెంబర్ 19

రాయాలా వద్దా అని ఇంతసేపు కూర్చున్నాను.

యాదమ్మ చుట్టాల పెళ్లికి వెళ్లింది. పొద్దున చూసేసరికి అత్తమ్మ గది మూలన నిలబడి ఉంది. చీర పాడైపోయింది. చేతులూ అంతే. నన్ను చూడగానే ఆ చేతులతోనే కొంగు కప్పుకోబోయింది. "సుగుణా... అల్లుడు వస్తున్నడు... సుగుణా..."

పదిహేనేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. నా ముఖం చూసి మాట్లాడింది లేదు. ఏది కావాలన్నా తలుపు వెనక నుంచి సుగుణతో చెప్పించేది. నేను వాకిట్లో ఉంటే బాత్రూం వైపు వచ్చేది కాదు. అలాంటి మనిషి.

నీళ్లు కాచాను. బకెట్ పెట్టి, గోడ వైపు తిరిగి, చెంబు వెనక్కి అందించాను. "పోసుకో అత్తమ్మా." నీళ్ల చప్పుడు లేదు. చాలాసేపు. చివరికి తిరిగాను. చెంబు పట్టుకుని, దాంతో ఏం చేయాలో తెలియక, అలాగే నిలబడి ఉంది.

చీర విప్పబోతే రెండు చేతులూ జోడించింది. "వద్దయ్యా. నీ కాల్మొక్త. వద్దయ్యా."

పోశాను. కడిగాను. ఆమె కళ్లు మూసుకుంది. నేనూ చాలామటుకు మూసుకునే చేశాను.

పొడి చీర చుట్టి మంచం మీద కూర్చోబెట్టాను. అయిదు నిమిషాల్లో మరిచిపోయింది. "సలి పెడ్తున్నది" అంది, అంతే.

నేను మరిచిపోలేను. ఆ రోగం నాకు లేదు.

జనవరి 4, 2014

ఇంట్లో ఇలాంటి రోగులున్నవాళ్లకు దవాఖానాలో మేడం మీటింగ్ పెట్టింది. ఏడుగురం. ఆరుగురు ఆడవాళ్లే — కోడళ్లు, కూతుళ్లు, ఒక భార్య. అత్తను చూసుకుంటున్నానంటే అందరూ నా వైపు తిరిగారు. ఒకామె అడిగింది — "మరి మీ ఆమె ఏం జేస్తది?"

నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "డ్యూటీకి పోయింది."

మేడం నా వైపు చూసింది.

స్నానం సంగతి అందరి ముందూ అడగలేక తర్వాత అడిగాను. లంగా ఛాతీ దాకా కట్టించి దాని మీదుగానే నీళ్లు పోయాలట. పైనుంచి పొడి నైటీ తొడిగి, లోపలి తడి లంగా అప్పుడు జార్చాలట. ఒంటి మీద బట్ట లేని క్షణం ఉండకూడదు. "మనుషులను మరిచిపోయినా సిగ్గు చానా రోజులుంటది సార్." ఇది డిసెంబర్‌లో తెలిసి ఉంటే.

జాకెట్ లోపల నా ఫోన్ నంబర్ కుట్టమంది.

కొత్త పరిశోధనల గురించి కూడా చెప్పింది. పైకి కనిపించడానికి పదేళ్ల ముందే, ఇంకా ముందే, మెదడులో మార్పు మొదలవుతుందట. వినికిడి తగ్గినవాళ్లకు, మాట్లాడే మనిషి లేక ఒంటరిగా ఉండేవాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా రావడం చూస్తున్నారట. ఎందుకన్నది ఇంకా తేలలేదట.

బయటికొచ్చాక పట్టుకుని అడిగాను — మా ఇంట్లో ఆమె తలుపు వెనకే ఉండేది మేడం, అందుకేనా? "ఒక్క కారణమని ఎవరూ చెప్పలేరు సార్. మీ తప్పు ఎతుక్కోమని చెప్పలే నేను."

బస్సులో అదే ఎతుక్కుంటూ వచ్చాను.

జనవరి 22

సాయంత్రం ఇంటికి రాగానే — "సుగుణ ఇంక రాలే." నేను గడియారం చూశాను. నిజంగానే చూశాను. బస్సు ఆలస్యమైందేమో అనుకున్నాను, ఒక్క క్షణం.

ఆ క్షణం బాగుంది. భయమేసింది.

ఫిబ్రవరి 18

మధ్యాహ్నం నుంచి మా కంపెనీలో పని సాగలేదు. అందరూ టీవీ దగ్గర. నాలుగు దాటాక ఒక్కసారిగా అరుపులు — తెలంగాణ బిల్లు పాసైంది. నేను పనిచేసే స్టోర్ రూంలోకి వచ్చి నా మొహం నిండా గులాల్ పూశారు. బయట పటాకులు, డప్పులు. అప్పుడే ఫోన్. తెలియని నంబర్.

"ఈడొక ముసలామె ఉన్నది. జాకెట్ల మీ నంబర్ కుట్టి ఉన్నది."

మందుల కంపెనీ గేటు వాచ్‌మన్. సుగుణ ప్యాకింగ్‌లో పనిచేసిన కంపెనీ.

పటాకుల చప్పుడుకు యాదమ్మ ముందు వాకిట్లోకి వచ్చిందట. ఈమె వెనక తలుపు నుంచి వెళ్లిపోయింది. నాచారం మెయిన్ రోడ్డు దాటి, లారీల మధ్య నుంచి. ఒకప్పుడు రోజూ కూతురికి అన్నం డబ్బా తీసుకెళ్లిన తోవ. కాళ్లకు గుర్తుంది.

పరిగెత్తాను. రోడ్ల నిండా జనం, బైకులు, జై తెలంగాణ. ఎవరో ఆపి కౌగిలించుకున్నాడు. నేనూ కౌగిలించుకున్నాను. ఈ కబురు కోసం ఉప్పల్ చౌరస్తాలో ఎన్ని రోజులు బైఠాయించాం. వచ్చిన రోజు నిలబడి వినడానికి లేదు.

గేటు పక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో టిఫిన్ డబ్బా. "షిఫ్టు ఇంక వదల్లే" అంది, గేటు వైపే చూస్తూ. ఎంత పిలిచినా లేవలేదు. "అయిదున్నరకు వదుల్తరు, కూసోన్రి" అన్నాడు వాచ్‌మన్. కూర్చున్నాను.

సైరన్ మోగింది. ఆడవాళ్లు గుంపులుగా బయటికొచ్చారు. జుట్టు నిండా గులాబీ రంగు, నవ్వులు. అత్తమ్మ ఒక్కొక్క మొహమే చూసింది. వందమంది ఉంటారు. నిజం రాయాలి — నేనూ ఒక్కొక్క మొహమే చూశాను. నీలం చీర కట్టుకున్నామె ఒకతె తల దించుకుని వస్తుంటే లేచి నిలబడ్డాను.

గేటు మూశారు.

"ఓవర్‌టైం ఉన్నదట అత్తమ్మా."

"బువ్వన్న లోపలికి పంపియ్యరాదు?"

వాచ్‌మన్ సుగుణను ఎరిగినవాడే. డబ్బా అందుకున్నాడు. ఖాళీ డబ్బా. నిండా బువ్వ ఉన్నట్టే బరువుగా రెండు చేతులతో పట్టుకుని "ఇస్త అమ్మా" అన్నాడు.

మార్చి 27

ఇవాళ నన్ను "తమ్మీ" అంది.

కొంగు నెత్తి మీద లేదు. వచ్చి మంచం మీద నా పక్కనే కూర్చుంది. ఇన్నేళ్లలో మొదటిసారి. నా చేయి తీసుకుని నిమిరి "ఎంత ఎండిపోయినవ్ తమ్మీ" అంది. ఆమె తమ్ముడు పోయి ఇరవై ఏళ్లు. సరిదిద్దొద్దన్న మాట గుర్తొచ్చింది.

"ఏం జేస్తం అక్కా" అన్నాను.

ఎన్ని మాటలున్నాయి ఆమె దగ్గర! నాట్లు, జనగామ అంగడి, దొడ్లో పాము దూరిన రోజు, వాళ్ల నాయన బీడీల వాసన. గంటసేపు. నవ్వింది కూడా. తర్వాత గొంతు తగ్గించింది.

"మా అల్లుడు మంచోడే తమ్మీ. తాగడు, కొట్టడు. గని కోపం. నాకు యాది ఉంటలేదు గదా... ఉప్పు రెండుసార్లు ఏస్తున్న, దుకాణంకాడ తోవ తప్పుతున్న. నా బిడ్డనే అన్ని కప్పిపెడ్తున్నది. అల్లునికి తెలిస్తే నన్ను శంకర్ తానికి తోలుతడని దాని భయం. ఎవ్వలకు జెప్పకు."

"చెప్ప అక్కా."

"ఒకసారి అన్నడట గదా. మీ అమ్మను తోలియ్యి, గీ లొల్లి నాకొద్దని."

అన్నాను. కూర ఉప్పు కషాయమైందని పళ్లెం నెట్టేసిన రోజు. నాలుగేళ్లయి ఉంటుంది. అన్నానన్న సంగతే నాకు ఇప్పటిదాకా గుర్తు లేదు. అన్నీ మరిచిన మనిషికి గుర్తుంది.

మార్చి 28

యాదమ్మను నిలదీశాను.

"ఎర్కనే అన్నా. డాక్టర్‌కు సూపిద్దామని నేనే అన్న. సుగుణ వద్దన్నది. చీటీ రాస్తే ఇంట్ల తెలుస్తది, ఆయన కోపం నీకు తెల్వదు అన్నది. జర ఆగు, మెల్లగ నేనే చెప్త అన్నది. గంతల జరం వచ్చె."

బిళ్లలు కొన్నాళ్లు నెమ్మది చేస్తాయన్నాడు డాక్టర్. ఆ కొన్నాళ్లు నా కోపం కింద పోయాయి. మొగుడికి భయపడి, తల్లి కోసం భయపడి, ఉప్పెక్కువైన కూర పారబోసి మళ్లీ వండుకుంటూ... ఆమె అలా ఎన్నాళ్లు ఉందో. అడగడానికి మనిషి లేదు.

ఏప్రిల్ 20

ఇప్పుడు ఇంట్లో నేను పొద్దున తమ్ముణ్ణి, సాయంత్రం ఎవరో. అల్లుణ్ణి మాత్రం కాదు. స్నానం తేలికైంది. తమ్ముడి ముందు అంత సిగ్గు లేదు. దీన్ని బాగుపడటమనాలా?

మే 11

ఎండ. దాహమైనట్టు కూడా తెలియడం లేదు ఆమెకు. గంటకోసారి గ్లాసు చేతికిచ్చి, నేనూ ఒక గ్లాసు ఎత్తి తాగి చూపించాలి. అప్పుడు తాగుతుంది.

జూన్ 2

కొత్త రాష్ట్రం. కంపెనీలో లడ్డూలు పంచారు. ఇంటికి తెచ్చాను. సగం తిని మిగతా సగం కొంగున ముడేసుకుంది. "సుగుణకు."

జూలై 6

యాదమ్మ చెంగిచెర్లకు వెళ్లిపోయింది. కూతురికి నెలలు నిండాయి. కాన్పయి, పిల్ల నడిచేదాకా అక్కడేనట. పోతూ పోతూ అత్తమ్మ తల దువ్వి జడ వేసి వెళ్లింది. "నన్ను తిట్టుకోకన్నా" అంది. ఎందుకు తిట్టుకుంటాను. ఆమె నాకు ఏమవుతుందని ఇన్నాళ్లు చేసింది.

జూలై 15

సెలవులన్నీ అయిపోయాయి. సూపర్‌వైజర్ — "సత్తెన్నా, నీ కష్టం నాకు తెలుసు. గని పైనోళ్లకు ఏం చెప్పాలె?"

జూలై 21

బయట నుంచి గొళ్లెం పెట్టి వెళ్లాను. మూడు గంటలు. వచ్చేసరికి తలుపు బాది బాది అరచేతులు వాచిపోయి ఉన్నాయి. పసుపు రాస్తుంటే "ఎవలో నన్ను జైల్ల పెట్టిన్రు తమ్మీ" అంది.

జూలై 27

కొట్టాను.

చెంప మీద. మూడోసారి బిళ్ల ఉమ్మేసింది. చేయి ఎప్పుడు లేచిందో తెలియదు.

ఏడవలేదు. చెంప పట్టుకుని నన్నే అడిగింది — "ఎవలు కొట్టిన్రు తమ్మీ?"

జూలై 28

మేడంకు ఫోన్ చేశాను. చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "చేయి లేచేటట్టు ఉన్నప్పుడు గదిలోంచి బయటికొచ్చేయండి, బిళ్ల ఒక పూట తప్పితే ఏం కాదు" అంది. తర్వాత — "సార్, ఇది ఒక్క మనిషి చేసే పని కాదు. ఇంకెవరున్నరు మీకు?"

శంకర్ ఉన్నాడని చెప్పాను. చెప్పడానికి ఇంతసేపు పట్టింది.

ఆగస్టు 9

నేను పిలవకముందే శంకర్ వచ్చాడు. పందొమ్మిదిన ఇంటింటి సర్వే. రాష్ట్రమంతా ఎవరిళ్లలో వాళ్లుండాలి. "అమ్మ పేరు మా రేషన్ కార్డుల ఉన్నది బావ. మనిషి కండ్ల ముందర ఉంటెనే రాసుకుంటరట. రెండు దినాలు తోలుకపోత. గంతనే."

సరే అన్నాను. మరీ తొందరగా అన్నాను. శంకర్ కూడా ఆశ్చర్యంగా చూశాడు.

ఆగస్టు 17

వదిలి వచ్చాను.

ఉప్పల్ రోడ్డంతా మెట్రో గుంతలు. బస్సు కుదిపినప్పుడల్లా నా మోచేయి పట్టుకుంది. బోడుప్పల్ దాటాక నిద్రపోయింది, తల నా భుజం మీద.

శంకర్ భార్యకు కాగితం ఇచ్చాను. రాత్రి రాశాను, రెండు పేజీలు. స్నానం ఎలా పోయాలి. అన్నం ఒకే గిన్నెలో కలిపి పెట్టాలి. దీపాల వేళకు భయపడుతుంది, పక్కన కూర్చోవాలి. బాత్రూం తలుపు మీద చెంబు బొమ్మ అతికించాలి. సుగుణ గురించి అడిగితే డ్యూటీకి పోయిందని చెప్పాలి. దాని కింద రెండు గీతలు గీశాను.

"గిన్నున్నయా అన్నా!" అంది ఆ అమ్మాయి కాగితం చూసి. మంచి పిల్లే. పొయ్యి మీద నూనె కాగుతోంది.

వస్తుంటే అత్తమ్మ హైవే మీద లారీలను చూస్తూ కూర్చుంది. నేను లేచింది చూడలేదు.

ఆగస్టు 19

బస్సులు లేవు. దుకాణాలు మూత. ఇంత నిశ్శబ్దంగా నాచారాన్ని ఎప్పుడూ చూడలేదు. పదకొండింటికి సర్వే మేడం వచ్చింది. ఏదో బడిలో టీచరట.

"ఇంట్ల ఎంతమంది సార్?"

"ఇద్ద... ఒకరు."

"ఇద్దరా, ఒకరా?"

"ఒకరు."

"పెండ్లి అయిందా?"

"అయింది."

"భార్య పేరు?"

పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. డ్యూటీకి పోయిందని చెప్పబోయాను. ఆమె చేతిలో ఉన్నది సర్కారు కాగితం.

"లేదు. చనిపోయింది."

"పిల్లలు?"

"లేరు."

తొమ్మిది నెలల తర్వాత ఆ మాట పైకి అన్నాను. తలుపు మీద స్టిక్కర్ అతికించి, మంచినీళ్లు తాగి వెళ్లింది. నా ఇల్లు రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆగస్టు 21

శంకర్ ఫోన్. తీసుకురావడానికి ఎప్పుడు రమ్మంటావని అడుగుతుంటే మధ్యలోనే —

"చెప్పినం బావ."

"ఏం చెప్పిన్రు?"

"అక్క సంగతి. సర్వే సారు పేర్లు రాస్తుంటే అమ్మ లొల్లి వెట్టింది, నా బిడ్డ పేరు రాయలేదని. గల్లీ మందంత జమైన్రు. సారుకు కోపమొచ్చింది. మా ఆమె ఏం జేస్తది, చెప్పేసింది — అత్తమ్మా, వదిన సచ్చిపోయింది అని."

"ఎట్లున్నది?"

"ఆ దినం పొద్దుమూకేదాంక ఏడ్చింది. నిన్న ఏడ్వలే. ఇయ్యాల గూడ ఏడ్వలే. అడుగుతలేదు బావ. ఒక్కపారి గూడ అడుగుతలేదు. నిమ్మలంగ ఉన్నది. ఇగ ఈడనే ఉండనియ్యి."

నిమ్మలం. ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

ఆగస్టు 24

వెళ్లి చూశాను. హోటల్ వెనక నులకమంచం మీద కూర్చుంది. బట్టలు శుభ్రంగా ఉన్నాయి. తల దువ్వి ఉంది. శంకర్ భార్య నా కాగితాన్ని గోడకు అతికించింది. సుగుణ దగ్గర గీసిన గీతల మీద పిండి చేతి మరక. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పక్కన కూర్చున్నాను. నన్ను చూసింది. తమ్మీ అనలేదు. అల్లుణ్ణని లేవనూ లేదు. గంటసేపు ఏమీ అడగలేదు. ఇంతకుముందు గంటకు నాలుగుసార్లు.

"మనింటికి పోదామా అత్తమ్మా?"

చాలాసేపటికి — "ఆడ ఎవలున్నరు?"

సుగుణ ఉన్నది. రెండు మాటలు. నోటిదాకా వచ్చాయి. అంటే లేచేదేమో. చెప్పులు వేసుకుని నా చేయి పట్టుకుని బస్సెక్కేదేమో. శంకర్ గుమ్మంలో నిలబడి నా నోటి వైపే చూస్తున్నాడు.

"వచ్చే ఐతారం వస్త" అన్నాను.

ఆగస్టు 26

కౌన్సెలర్ మేడంతో మాట్లాడాను. అడగకపోవడం నిమ్మలమా, జబ్బు ఇంకో మెట్టు దిగిందా? ఫోన్లో చెప్పలేనంది. రెండూ కావచ్చట. తీసుకొస్తే చూస్తానంది.

"మళ్లీ డ్యూటీ అని చెప్పి తీసుకురావచ్చా మేడం?"

"ఆమె భయపడి అడిగితే చెప్పమన్న సార్ నేను. ఇప్పుడు ఆమె అడుగుతలేదు గదా." తర్వాత — "అది ఎవరి కోసం చెప్తరో మీరే చూసుకోవాలె."

ఆగస్టు 29

డ్యూటీ నుంచి వస్తే తాళం నేనే తీస్తున్నాను. సుగుణ ఇంకా రాలేదని అనేవాళ్లు లేరు. ఆ మాట అనేవాళ్లు ఉన్నంతకాలం... వద్దు. రాయను.

నిద్ర పడుతోంది. ఆరు గంటలు ఏకధాటిగా. అది కూడా రాయాలి కదా.

ఆగస్టు 31

ఆదివారం. అన్నోజిగూడకు పది గంటల ఘట్‌కేసర్ బస్సు.

సంచి సర్దాను. బీరువా తీసి అత్తమ్మ చీరలు రెండు మడత పెట్టి వేశాను. వేశాక చూసుకుంటే — తీసుకురావడానికైతే చీరలు ఎందుకు? అక్కడే ఉంచడానికైతే రెండే ఎందుకు?

బయటికి తీశాను. మళ్లీ పెట్టాను. తొమ్మిదిన్నర దాటింది.